పద్నాలుగు రోజుల నేతిబీరకాయ

నేతిబీరకాయలో నేయి ఎంత ఉంటుందో తెలుగువాడికి ఎవరూ చెప్పనక్కరలేదు. అయినా అదే తెలుగువాడు, పెట్టె మీద "14 రోజులు" అని అచ్చువేసి ఉంటే ఆ పద్నాలుగును వేదవాక్కుగా స్వీకరించి, ముప్పై నలభై వేల రూపాయలు ధారపోసి, పరుగు వాచీని మణికట్టుకు కంకణంలా కట్టుకుంటున్నాడు. ఆరో రోజుకో ఏడో రోజుకో అది కన్ను మూస్తే, తనవద్దనే ఏదో లోపం ఉందనుకొని తల దించుకుంటున్నాడు. ఈ తల దించుకోవడం మీదే నా అభ్యంతరం.

ముందుగా ఒక మాట స్పష్టం చేస్తాను. బ్యాటరీ అయిపోతుందన్నది నా ఫిర్యాదు కాదు. దీపంలో చమురు అయిపోతుంది, కుండలో నీళ్ళు అయిపోతాయి, బ్యాటరీ కూడా అయిపోతుంది. అందులో వింతేమీ లేదు. ఎంతసేపు వెలుగుతుందో చెప్పినవాడు, ఏ వత్తితో, ఏ గాలిలో అన్నది చెప్పకుండా తప్పించుకుంటున్నాడే, అదీ నా ఫిర్యాదు. ఇది రసాయనశాస్త్రం మీద తగవు కాదు, మాట మీద తగవు. మాటలతో బతికేవాళ్ళం గనుక మనకిది పట్టవలసిన విషయమే.

లెక్క చూద్దాం

గాలిలో కత్తి తిప్పడం నాకిష్టం లేదు, కాబట్టి ఒక ఉదాహరణ తీసుకుంటాను. గార్మిన్ వారి ఫోర్‌రన్నర్ 255 అనే వాచీ 2022లో వచ్చింది. వాచీగా వాడితే 14 రోజులు, ఉత్త జీపీఎస్‌తో పరిగెడితే 30 గంటలు, అన్ని ఉపగ్రహ వ్యవస్థలనూ రెండేసి పౌనఃపున్యాల మీద వింటూ పరిగెడితే 16 గంటలు అని ఆ సంస్థే విడివిడిగా పట్టిక వేసి చెప్పింది. ఆ పట్టిక వేసినందుకు వారిని మెచ్చుకోవలసిందే. పట్టికైనా వేయనివాళ్ళు బజారులో కోకొల్లలు. కానీ అమ్మకపు మాటల్లో మోగేది ఏ అంకె? పద్నాలుగే.

ఇప్పుడా బ్యాటరీని వంద పైసల రూపాయి అనుకోండి. పద్నాలుగు రోజులు రావాలంటే రోజుకు 7 పైసలు ఖర్చు. రెండు పౌనఃపున్యాల జీపీఎస్‌తో గంట పరిగెడితే ఆ గంటకే 6 పైసల పైచిలుకు. అంటే రోజూ ఒక గంట పరిగెత్తే మనిషికి, మిగతా 23 గంటల ఖర్చు కూడా కలుపుకొని, రోజుకు 13 పైసలు. రూపాయి ఏడున్నర రోజుల్లో చెల్లు! ఎవరి పరిశోధనా అక్కరలేదు, కంపెనీ ఇచ్చిన అంకెలతోనే, మూడో తరగతి భాగహారంతో పద్నాలుగు సగమైపోయింది. ఇక చెవిలో పాట కూడా వాచీ నుంచే వినిపించాలంటే, జీపీఎస్‌తో కలిపి ఏడు గంటలు వస్తుందనుకుందాం, అప్పుడు గంటకు 14 పైసలు. రూపాయి అయిదు రోజులు నిండకుండానే ఖాళీ.

చూశారా తమాషా! ఇది పరుగు కోసం చేసిన వాచీ. పేరులోనే పరుగుంది. బొమ్మలో పరిగెత్తే మనిషే ఉన్నాడు. కానీ ఆ పద్నాలుగు రోజులు మాత్రం పరిగెత్తని మనిషివి. గుర్రపు బండిని అమ్ముతూ, "గుర్రం కట్టకపోతే చక్రాలు ఇరవై ఏళ్ళు అరగవు" అన్నట్టుంది.

తప్పు కమ్మరిది కాదు

ఇక్కడ న్యాయంగా ఇంకొక మాట చెప్పాలి. ఈ వాచీలు చేసే ఇంజనీర్ల పనితనానికి నేను చేతులెత్తి నమస్కరిస్తాను. మణికట్టు మీద పట్టే బ్యాటరీ సుమారు 300 మిల్లీ ఆంపియర్-గంటలనుకుందాం. నేటి ఫోనుల్లో మామూలైపోయిన 5000తో పోలిస్తే పదహారో వంతు. ఆ పిడికెడు గింజలతో పద్నాలుగు రోజులు గడపాలంటే, సగటున మూడున్నర మిల్లీవాట్లకు మించకుండా బతకాలి. మన స్విచ్‌బోర్డు మీద మిణుకుమనే ఎర్ర చుక్కలాంటి ఎల్ఈడీ, నిండుగా వెలిగితే నలభై మిల్లీవాట్లు తింటుంది. అందులో పన్నెండో వంతుతో ఈ వాచీ గుండె లయను లెక్కిస్తుంది, అడుగులు ఎంచుతుంది, నిద్రను తూస్తుంది, ఫోనుతో మాట్లాడుతుంది. ఇది అద్భుతం కాక మరేమిటి?

జీపీఎస్ సంగతి మరీ ఘనం. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల నుంచి వచ్చే సంకేతం మన దగ్గరకు చేరేసరికి అతిసూక్ష్మమైపోతుంది. ఊరవతల పొలంగట్టు మీద పరిగెడితే అది సూటిగా చెవిన పడుతుంది. గచ్చిబౌలి అద్దాల మేడల నడుమ పరిగెడితే గోడ గోడకూ తగిలి ప్రతిధ్వనులతో కలగలిసి వస్తుంది. ఆ గందరగోళంలో అసలు గొంతును పోల్చుకోవడానికే రెండు పౌనఃపున్యాల మీద వినడం. అంటే నగరంలో పరిగెత్తేవాడికి ఏది అవసరమో అదే అన్నింటికన్నా ఖరీదు. ఆ పదహారు గంటల లెక్కలో వాచీ తిండి మామూలు రోజుకన్నా 21 రెట్లు. ఇది ప్రకృతి ధర్మం, దీనికి ఎవరినీ నిందించలేము. కమ్మరి కత్తి బాగానే చేశాడు. అంగడివాడు దాన్ని చంద్రహాసమని చెప్పి అమ్మాడు. మన తగవు అంగడివాడితో.

సూర్యభగవానుడి సాక్షిగా

సౌరశక్తి వాచీలది మరో పురాణం. అద్దంలోనే సూర్యరశ్మిని పట్టే పొర ఉంటుంది, ఎండలో తిరిగితే మరిన్ని రోజులు కలిసొస్తాయి. గార్మిన్ వారి ఫీనిక్స్ 7ఎక్స్ సోలార్‌కు మామూలుగా 28 రోజులు, ఎండతో 37 రోజులు అన్నారు. బాగుంది. కింద చీమ తలకాయంత అక్షరాల్లో షరతు: రోజుకు మూడు గంటలు ఆరుబయట, 50,000 లక్స్ వెలుగులో ఉండాలి.

అయ్యా, మన దేశంలో సూర్యుడికి కొదవలేదు. కానీ మన పరుగరి ఎప్పుడు పరిగెడతాడు? తెల్లవారుజామున నాలుగున్నరకో అయిదుకో. ఎందుకు? ఆ సూర్యుడి నుంచి తప్పించుకోవడానికి! పరుగు ముగించి, స్నానం చేసి, ఆఫీసు ట్యూబులైట్ల కింద కూర్చుంటాడు. అక్కడి వెలుగు కొన్ని వందల లక్సులు. మే నెలలో విజయవాడలో రోజుకు మూడు గంటలు నెత్తిన ఎండ పెట్టుకుని నిలబడితే వాచీ బ్యాటరీ పెరుగుతుందేమో గాని, మనిషి బ్యాటరీ అయిపోతుంది. పైగా వేడి తగిలేకొద్దీ లిథియం బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది. వాళ్ళు చెప్పింది అబద్ధం కాదు. ఆ నిజం మన జీవితంలో ఎక్కడా జరగదు, అంతే.

"ఆపెయ్యండి" సంప్రదాయం

బ్యాటరీ నిలవడం లేదని ఎవరైనా నోరు విప్పితే చాలు, ఉపదేశకులు నలుదిక్కులా పుట్టుకొస్తారు. రక్తంలో ఆక్సిజన్ కొలిచే దీపం ఆపెయ్యండి. తెర ఎప్పుడూ వెలిగి ఉండటం ఆపెయ్యండి. ఫోను సందేశాలు ఆపెయ్యండి. రాత్రి గుండె లయ ఆపెయ్యండి. ఉత్త జీపీఎస్‌కు దిగండి.

వీటిలో సాంకేతికంగా ఏదీ తప్పు సలహా కాదు. రాత్రంతా ఆక్సిజన్ కొలిస్తే బ్యాటరీ తరుగుతుందన్నది నిజమే. కానీ ఈ సలహాలన్నీ కలిపి పాటిస్తే మిగిలేదేమిటి? టైము చూపే ఒక ప్లాస్టిక్ బిళ్ళ. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఇలాంటి చోటనే పుట్టి ఉంటుంది. పెట్టె ముందువైపు లక్షణాలన్నీ వరుసగా చెప్పి అమ్మారు, అదే పెట్టె మీద రోజులూ చెప్పి అమ్మారు. రెండింటికీ కలిపి డబ్బు తీసుకున్నారు. రెండూ ఒకేసారి ఇవ్వలేమన్నది మాత్రం కొన్న తరువాత, సలహా రూపంలో చెబుతారు. విందుకు పిలిచి, ఇరవై రకాలు వడ్డించామని చాటి, "ఏదో ఒక్కటే ముట్టుకోండి, అరుగుదల ముఖ్యం" అనడం లాంటిదిది.

ఇంకొక వర్గం వారు, "రోజూ రాత్రి ఫోను చార్జింగు పెట్టడం లేదా, దాని పక్కనే దీన్నీ పెట్టండి, ఇంత రాద్ధాంతం దేనికి?" అంటారు. అడగవలసిన ప్రశ్నే. నా జవాబు ఇది. ఫోనుకు రాత్రి సెలవు. పరుగు వాచీకి రాత్రే అసలు ఉద్యోగం. నిద్ర ఎంత పట్టింది, విశ్రాంతిలో గుండె ఎలా కొట్టుకుంది, రేపటి పరుగుకు ఒళ్ళు సిద్ధమా కాదా అన్నవి అది తేల్చేది ఆ రాత్రి కొలతల మీదనే. రాత్రి చేతికుంటే చార్జింగు లేదు, చార్జింగులో ఉంటే కొలత లేదు. ఇక మిగిలింది స్నానం చేసే పదిహేను నిమిషాలు. వెరసి, మన దినచర్యను వాచీ చూస్తుందని కొంటే, వాచీ దినచర్యను మనం చూడవలసి వస్తున్నది.

పాతకాలపు వాచీలను అడ్డం పెట్టుకునేవారికి

ఈ చర్చలో ఎవరో ఒకరు తప్పకుండా హెచ్.ఎం.టి. జనతాను తీసుకొస్తారు. "మా నాన్నగారి వాచీకి రోజూ కీ ఇస్తే చాలు, ముప్పై ఏళ్ళు నడిచింది" అని. మరొకరు 1989లో వచ్చిన కాసియో ఎఫ్-91డబ్ల్యూను తెస్తారు, ఒక్క బిళ్ళ బ్యాటరీతో ఏడేళ్ళు. ఆ వాదం చెవికింపుగా ఉంటుంది గాని నిలవదు. కాసియో వాచీ తినేది సుమారు ఒకటిన్నర మైక్రో ఆంపియర్. మన పరుగు వాచీ పరుగు లేనప్పుడు కూడా దానికి ఆరువందల రెట్లు తింటుంది, ఎందుకంటే దాని కన్న ఎన్నో రెట్లు పని చేస్తుంది. తపస్వికీ పహిల్వానుకూ భోజనంలో పోటీ పెట్టకూడదు.

అయితే ఆ పాత వాచీల నుంచి నేర్చుకోవలసిందొకటుంది. అది బ్యాటరీ ఆయుష్షు కాదు, వాచీ ఆయుష్షు. కాసియో వెనుక మూత నాలుగు మరలు. విప్పి, రబ్బరు పట్టీ సరిచూసి, బిళ్ళ మార్చి, మళ్ళీ బిగిస్తే మరో ఏడేళ్ళు. హెచ్.ఎం.టి. వాచీల వ్యాపారమే 2016లో మూతపడింది, అయినా ఆ వాచీలను బాగుచేసే చేతులు కోఠీ సందుల్లో, గవర్నరుపేట గొందుల్లో, కంటికి భూతద్దం తగిలించుకుని ఇంకా కూర్చునే ఉన్నాయి. తయారీదారు పోయినా వాచీ బతికింది. మన పరుగు వాచీల సంగతి? తయారీదారు కోటలో నిక్షేపంగా ఉండగానే వాచీ చస్తుంది.

మూసిన మూత వెనుక

లిథియం అయాన్ బ్యాటరీ 1991లో సోనీ చేతుల మీదుగా బజారుకెక్కింది. ఆ పరిశోధనకు గుడినఫ్, విటింగ్‌హామ్, యోషినో గార్లకు 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. ఎంత గొప్పదైనా దానికి వార్ధక్యం తప్పదు. కొన్ని వందల సార్లు నింపి ఖాళీ చేసేసరికి, తొలినాటి సామర్థ్యంలో ఎనభై శాతం దగ్గరకు దిగుతుంది. ఇందాకటి మన రూపాయి ఎనభై పైసలవుతుంది. ఏడున్నర రోజులు ఆరవుతాయి, పాటతో పరిగెత్తేవాడికి నాలుగు కూడా రావు. "14" అన్న పెట్టె మాత్రం అటక మీద యౌవనంతో అలాగే ఉంటుంది.

అప్పుడేం చేయాలి? బ్యాటరీ మార్చుకోవాలి. నేనూ అదే అడిగాను. మూడేళ్ళు దాటిన నా వాచీ రెండు గంటల పరుగుకే దిక్కులు చూస్తుంటే సేవాకేంద్రానికి పట్టుకెళ్ళాను. కంపెనీ పేరు ఎందుకులెండి, ఏ రాయి అయితేనేం పళ్ళూడగొట్టుకోవడానికి. కౌంటరులోని కుర్రవాడు మర్యాదస్థుడే. "సార్, దీనికి బ్యాటరీ మార్చే పద్ధతి మా దగ్గర లేదండీ. పాతది ఇచ్చేస్తే కొత్తదాని మీద తగ్గింపు ఇస్తాం" అన్నాడు. తెర బాగుంది, బటన్లు బాగున్నాయి, పట్టీ బాగుంది, గుండె దీపం బాగుంది. వాచీ ఖరీదులో పిసరంత విలువ లేని బ్యాటరీ పోయిందని మిగతాదంతా పారేయాలట! చెప్పు తెగితే కాలు తీసేసే వైద్యం ఇది.

దీనికి వారు చెప్పే కారణం నీరు. మూత తెరుచుకునేలా పెడితే చెమట, వాన, ఈతకొలను నీరు లోపలికి పోతాయని. సముద్రపు లోతుల్లోకి దిగే ఈతగాళ్ళ క్వార్ట్జ్ వాచీలకు దశాబ్దాలుగా మూత తీసి బ్యాటరీలు మారుస్తూనే ఉన్నారు, ఆపైన నీటి పీడనంతో పరీక్షించి ఇస్తూనే ఉన్నారు. కష్టమైన పనే, కాదనను. అసాధ్యం మాత్రం కాదు. ఐరోపా సమాఖ్య 2023లో చేసిన బ్యాటరీల చట్టం, పరికరాల్లోని చిన్న బ్యాటరీలను వాడుకదారే తీసి మార్చుకునేలా ఉండాలన్న నియమానికి 2027 ఫిబ్రవరి 18ని గడువుగా పెట్టింది. నీటిలో వాడే కొన్ని పరికరాలకు సడలింపు కూడా ఇచ్చింది, కానీ అక్కడా కనీసం వృత్తి నిపుణుడు మార్చగలిగేలా ఉండాలన్నది. వాచీ కంపెనీలు ఆ సడలింపు కిటికీలోంచి దూరజూస్తాయని నా అనుమానం. దూరనివ్వండి. నిపుణుడు మార్చగలిగినా మనకు చాలు. కోఠీలో నిపుణులకు కరువా?

నేను కోరేవి నాలుగు

తిట్టి ఊరుకోవడం నా పద్ధతి కాదు. కోరికలు ఇవీ:

1. పెద్ద అక్షరాల్లో వేసే అంకె, పరిగెత్తేవాడి అంకె కావాలి. రోజుకు గంట పరుగు, రాత్రి నిద్ర కొలత, పెట్టె మీద చాటిన లక్షణాలన్నీ పనిచేస్తూ ఉండగా ఎన్ని రోజులు? అది అయిదైతే అయిదనే వేయండి. ఆపిల్ వారు 2015లో తమ తొలి వాచీకి 18 గంటలే అన్నారు, అందరూ నవ్వారు. కానీ ఎన్నిసార్లు టైము చూస్తే, ఎన్ని సందేశాలొస్తే, ఎన్ని నిమిషాలు వ్యాయామం చేస్తే ఆ 18 అన్నది కూడా చెప్పారు. చిన్న అంకె, కానీ ఒక మనిషి రోజు దానిలో ఉంది.

2. అందరికీ ఒకే కొలబద్ద కావాలి. మన దేశంలో 2006 నుంచి ఫ్రిజ్జుల మీద నక్షత్రాల చీటీ వస్తున్నది, ఏడాదికి ఎన్ని యూనిట్లో చూసి కొంటున్నాం. ఐరోపాలో 2025 జూన్ 20 నుంచి ఫోనుల మీద అలాంటి చీటీ తప్పనిసరైంది. ఒక్క చార్జికి ఎన్ని గంటలు, ఎన్ని వందల చార్జీల దాకా ఎనభై శాతం నిలుస్తుంది అన్నవి దాని మీదే ఉంటాయి, ఆ వందలు ఎనిమిదికి తగ్గరాదు కూడా. వాచీలు ఆ నియమం బయట ఉండిపోయాయి. ఫోనుకు తగిన న్యాయం వాచీకి తగదా?

3. షరతు కూడా వాగ్దానమంత పెద్దగా కనబడాలి. ఇది నా కోరిక మాత్రమే కాదు. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద మన కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు, వివరణ అక్షరాలు ప్రకటనలోని అక్షరాల్లాగే ఉండాలని, అదే భాషలో ఉండాలని చెప్పాయి. ఆ చీమ తలకాయలను భూతద్దంలోంచి చూసేవారెవరు?

4. బ్యాటరీ మార్పుకు ధర, స్థలం, గడువు కొనేనాడే చెప్పాలి. మార్చలేమంటే అదీ కొనేనాడే చెప్పాలి.

చివరగా మనవాళ్ళతో

పరుగరులైన మిత్రులకూ ఒక చురక. "వాచీలో పడని పరుగు పరుగే కాదు" అన్న మూఢనమ్మకం మన మధ్య ఊడలు దిగింది. ముప్పై కిలోమీటర్ల దగ్గర వాచీ ఆగిపోతే, ఉన్న కాళ్ళను మరచి లేని అంకెల కోసం కుమిలిపోయేవాళ్ళు ఎందరో. మారథాను 42.195 కిలోమీటర్లన్నది రోడ్డు మీద ఉంటుంది, మణికట్టు మీద కాదు. ఈ వ్యామోహమే అంగడివాడికి పెట్టుబడి. వాడు అంకెలు పెంచుతున్నాడంటే మనం అంకెలు చూసి కొంటున్నాం గనుక. దుకాణంలో "ఎన్ని రోజులు వస్తుంది?" అని అడగడం మాని, "గంట గంటన్నర పరిగెడితే ఎన్ని రోజులు? మూడేళ్ళ తరువాత ఎన్ని రోజులు? ఆపైన బ్యాటరీ ఎవరు మారుస్తారు?" అని అడగడం మొదలుపెట్టండి. నలుగురు అడిగితే నవ్వుతారు, నాలుగు వందలమంది అడిగితే పట్టిక మారుతుంది.

అలాగని "మన ఆశలే ఎక్కువ, వాళ్ళ తప్పేముంది" అని సర్దిచెప్పే పెద్దమనిషి తరహా తీర్పును మాత్రం నేను ఒప్పుకోను. ఆశ మనంతట మనకు పుట్టలేదు. పద్నాలుగు అని రాసి, డబ్బు తీసుకుని, పుట్టించారు. పుట్టించినవారే పోషించాలి.

నేతిబీరకాయను అమ్మేవాడిని మనం ఏనాడూ నిలదీయలేదు, ఎందుకంటే వాడు దాన్ని బీరకాయ ధరకే అమ్మాడు. నేతి ధరకు అమ్మితే ఊరుకునేవాళ్ళమా?

ఏమంటారు మరి?

తా.క.: మీ వాచీ పెట్టె మీద ఎన్ని రోజులని ఉంది, మీ చేతి మీద ఎన్ని రోజులు వస్తున్నది, రోజుకెంతసేపు పరిగెడతారు, కొని ఎన్నాళ్ళయింది, ఈ నాలుగు ముక్కలూ వ్యాఖ్యలో రాసి పుణ్యం కట్టుకోండి. కంపెనీ పేర్లు అక్కరలేదు, అంకెలు చాలు. పదిమంది అంకెలు ఒకచోట చేరితే, ఏ ప్రకటన కన్నా అవే నిజం చెబుతాయి.